గాలి పట్టిన కారు

మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోగానే కాలనీ ఆడవాళ్లు బియ్యం చాటలు పట్టుకుని బుచ్చవ్వ అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఎండాకాలం దిల్‌సుఖ్‌నగర్ వెనక ఆకు కదిలేది కాదు. బుచ్చవ్వ కూర్చున్న చోట మాత్రం చేను గాలి వీచేది. ఆమె కొడుకు జనార్ధన్ ఆరెకరాల జొన్న చేను ప్లాట్లకు అమ్మినప్పుడు కాగితంలో నాలుగు హద్దులు రాశారు, బావి రాశారు, రెండు తుమ్మచెట్లు కూడా రాశారు. గాలి ఊసు ఎవరూ రాయలేదు. అందుకని అది ఆమె దగ్గరే ఉండిపోయింది. "అవ్వా, జర ఇటు తిరుగు, పొట్టు పోతలేదు," అంటే ఆమె ఇటు తిరిగేది. అంతే.

మనవరాలు లలితకుమారి ధ్యాసంతా షెడ్డులోని కారు మీదే. చేను అమ్మిన డబ్బుతో జనార్ధన్ వేలంలో కొన్న పాత ఫారిన్ కారు అది. ఏసీ కూడా ఉంది. ఆయన రెండుసార్లు గోడకు గుద్ది స్టీరింగు వదిలేశాడు. లలిత ఎవరూ నేర్పకుండానే ఖాళీ ప్లాట్లలో హద్దురాళ్లు తప్పించుకుంటూ నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. ఆ ఇంట్లో ఆమెకు ఊపిరాడేది ఆ ఒక్క సీట్లోనే.

ప్లాట్లమ్మే వెంకట్రావు గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు. ప్లాట్లు కొనే విజయవాడ పార్టీలను పెద్ద అంబర్‌పేట్ దాకా తిప్పడానికి బండి కావాలన్నాడు. "ఏసీ పనిచేస్తే ఈ వేసవంతా నీ బండే అమ్మాయ్. నువ్వే నడుపు, నాకేం అభ్యంతరం లేదు. ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చుని చూస్తా. చల్లగా లేదో, వేరే బండి చూసుకుంటా."

జనార్ధన్ ఇంకోమాట కలిపాడు. "ఆదివారం కాకుంటే సోమవారం పాత ఇనుపోళ్లకు ఇచ్చేస్త. షెడ్డుల బర్రెను కట్టేస్తె పాలన్న ఇస్తది."

ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి మెకానిక్ సిద్ధిరాములు వచ్చాడు. సోమవారం గ్యాస్ ఎక్కించాడు, బుధవారానికి పోయింది. సబ్బు నురగ పూసి లీకు వెతికి, పైపు మార్చి, గురువారం మళ్లీ ఎక్కించాడు. లలిత గడ్డిఅన్నారం దాకా పోయి వచ్చేసరికి ఏసీలోంచి పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ కొట్టింది. దిగి టైరును తన్నింది. కాలిగోరు చిట్లింది గానీ టైరుకేమీ కాలేదు.

శనివారం సిద్ధిరాములు పాత ఫ్రిజ్ మోటారుతో తయారుచేసిన పంపు తెచ్చి పైపులకు తగిలించాడు.

"కారుకు గాలి వట్టిందమ్మా. పైపులల్ల గాలుంటె గ్యాస్ సల్లగ కాదు. ముందుగాల గాలంత గుంజాలె. గీ గేజీ ముల్లు కిందికి పడాలె, పడ్డకాడ్నే నిలవాలె. గప్పుడు గ్యాస్."

అరుగు మీది బుచ్చవ్వకు మొదటిమాట ఒక్కటే వినబడింది. ఆమె ఎరిగిన గాలి వేరు. చంపాపేట్ దారిలో పొద్దుగూకినాక జడుసుకున్నవాళ్లకు పట్టే గాలి. లేచి పోయి వేపమండలు విరుచుకొచ్చి, వీళ్లిద్దరూ ఇంజను మీద వంగి ఉండగా కారు వెనక సీటులో కూర్చుని తలుపేసుకుంది.

పంపు గంటసేపు గుడగుడలాడింది. ముల్లు కిందికి పడింది. మోటారు ఆపగానే లేచింది. సిద్ధిరాములు బిగింపులన్నీ విప్పి మళ్లీ బిగించాడు. ముల్లు పడింది, లేచింది. మూడోసారీ అంతే. లలితకు ఆ ముల్లును చేత్తో విరిచెయ్యాలనిపించింది. అప్పుడు కారు కిటికీలోంచి జొన్నపొట్టు ఎగిరొచ్చి సిద్ధిరాములు చెమట మెడకు అంటుకుంది. అతను తల తిప్పి చూశాడు.

లోపల బుచ్చవ్వ సీట్లను మండలతో కొడుతోంది. "ఎవలివే నువ్వు? దిగు! నా మనుమరాలి బండి ఇడువు!"

"అరె, అవ్వ లోపల్నే ఉన్నదా!" అన్నాడు సిద్ధిరాములు. " ఇగ ముల్లెట్ల నిలుస్తది? మనం గుంజినకొద్ది ఆమె దిక్కెల్లి ఒస్తనే ఉంటది."

లలిత తలుపు లాగింది. "దిగవే అవ్వా! పొద్దటిసంది సస్తున్నం."

"ఆగు బిడ్డా, గాలి ఇంక పోలే."

"పోవాల్సింది నీ గాలే! నీ గాలితోనే నా పని ఖరాబైతుంది. అది పోతెనే నేను బాగుపడ్త!"

మండలు ఆగిపోయాయి. బుచ్చవ్వ మనవరాలి మొహంలోకి చూసింది.

"నాదా అడ్డం?" అంది. "మీ నాయిన భూమి అమ్మిండు, నేనేమన్న అన్ననా? గుంజుకోండ్రి."

దిగలేదు. వెనక్కి ఆనుకుని కూర్చుంది. సిద్ధిరాములు లలిత వైపు చూశాడు, చెయ్యి కదపలేదు. లలితే స్విచ్చి వేసింది.

ఈసారి పంపు చప్పుడు మారింది. జొన్న కంకులు ఒకదానికొకటి రాసుకున్నట్టు వినిపించింది. ముల్లు కిందికి పడి, పడ్డచోటే నిలిచింది. గ్యాస్ సిలిండర్ తిప్పబోయిన సిద్ధిరాములు పైపు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే మంచు పట్టింది. "ఇగ గ్యాసెందుకమ్మా," అని సిలిండర్ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం వెంకట్రావు కూర్చున్న రెండు నిమిషాలకే చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. "అబ్బ! పొలం గట్టున కూర్చున్నట్టుందే. ఏం గ్యాస్ కొట్టించావమ్మాయ్?" జనార్ధన్ మళ్లీ బర్రె మాట ఎత్తలేదు.

లలిత రోజూ విజయవాడ రోడ్డు మీద కారు నడిపింది, ఆమె కోరుకున్నట్టే. వెనక కూర్చున్నవాళ్లు హాయిగా ఊపిరి వదిలినప్పుడల్లా ఆమె పళ్లు బిగపట్టేది. కాలనీ ఆడవాళ్లు ఆ వారం రోజూ చాటలతో వచ్చారు. చెరిగిన పొట్టు ఒళ్లోనే పడుతుంటే దులుపుకుని పోయారు. తర్వాత రావడం మానేశారు. బుచ్చవ్వ అట్టముక్కతో విసురుకోవడం నేర్చుకుంది.

పదోరోజు సాయంత్రం లలిత కారును వాకిట్లోనే ఆపి, ఇంజను ఆపకుండా వెనక తలుపు తీసింది. "రా అవ్వా. జర కూసో."

బుచ్చవ్వ కూర్చుంది. నుదుటి మీది తెల్లవెంట్రుకలు కదిలాయి. కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చుకుంది.

"మంచిగున్నదే," అంది. "ఎవలి చేన్లదే బిడ్డా, గీ గాలి?"

లలిత అద్దంలో ఆమెను చూసింది. మనదే అనడానికి నోరు రాలేదు.

"కిరాయిదవ్వా."

"గట్లనా," అని బుచ్చవ్వ గబుక్కున కొంగు సర్దుకుంది. "మరి మనకెందుకే, ఊకె ఖర్చయితది," అని తలుపు తీసుకుని దిగిపోయింది.