ఐదో అధ్యాయం

థీసిస్ మీద సంతకం కోసం వచ్చిన నవతను ఆమె గైడు ప్రొఫెసర్ ధర్మారావు గారు అశోక్‌నగర్‌లోని తమ ఇంటి ముందు, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఇసుక కుప్ప పక్కన గంటసేపు నిలబెట్టారు. లోపలికి రమ్మన్న పాపాన పోలేదు. మేడ మీద రెండో అంతస్తుకు సెంట్రింగు కొట్టి ఉంది, ఇనుము కట్టి ఉంది, కంకర వచ్చి పడింది. పనివాళ్ళే లేరు.

"గురువారం స్లాబు పడాలె నవతా. ముహూర్తం పెట్టుకున్నం. చిక్కడపల్లి అడ్డా మీదికెళ్ళి ఒక్కడు గూడ వస్తలేడు. ఆ అడ్డా నీదే గదా!"

అడ్డా ఆమెదట! రెండేళ్ళుగా తెల్లవారగానే అక్కడ నిలబడి పాలమూరు కూలీలతో మాట్లాడింది కదా, అందుకని. పలుగూ పారా పట్టుకుని, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని రోడ్డు పక్కన ఎదురుచూసే మనుషులు వాళ్ళు. ఈ తొంభై ఆరులో మగవాళ్ళకు రోజుకు డెబ్బై రూపాయలు, ఆడవాళ్ళకు యాభై. వాళ్ళకొక కట్టుబాటు ఉందని నవతే కనిపెట్టింది. పనిలో అడ్డా మనిషికి దెబ్బ తగిలితే, ఆ ఇంటాయన స్వయంగా అడ్డా మీదికి వచ్చి, వైద్యం నేను చేయిస్తానని అందరి ముందూ మాట ఇవ్వాలి. ఇచ్చేదాకా ఆ ఇంటి గడప ఒక్కరూ తొక్కరు. సంఘం లేదు, జెండా లేదు. ఉత్త మాట మీద నడుస్తుంది.

అదే ఆమె థీసిస్‌లో ఐదో అధ్యాయం. ధర్మారావు గారు దాన్ని తెగ మెచ్చుకుని, ఢిల్లీ సెమినార్‌లో తన పేరుతో చదివేశారు. నవత పేరు చివర కృతజ్ఞతల్లో వచ్చింది. శిష్యులు రాసింది గైడు చదవడం మన విశ్వవిద్యాలయాల్లో తప్పేమీ కాదు, ఆనవాయితీ. ఆ పేపరు పుణ్యమా అని ఆయన మేనేజ్‌మెంటు శాఖకు అధిపతి కూడా అయ్యారు.

ఇప్పుడా కట్టుబాటు ఆయన ఇంటికే తగిలింది. పోయిన వారం ఎల్లేష్ అనే కూలీ ఈ మేడ పరంజా మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అయ్యగారు అతన్ని ఆటో ఎక్కించి సర్కారు దవాఖానకు పంపి చేతులు దులుపుకున్నారు.

"మీరొక్కసారి అడ్డా మీదికొచ్చి మాట్లాడితే అయిపోతది సార్," అంది నవత.

"నేనా? రోడ్డు మీద నిలబడి కూలోళ్ళకు జవాబు చెప్పాల్నా?"

"ఢిల్లీలో మీరే సార్..."

"అది పేపరమ్మా. ఇది ఇల్లు." ఆయన గొంతు తగ్గించారు. "చూడు, నెలాఖరుకు థీసిస్ ఇయ్యకపోతే లెక్చరర్ ఇంటర్వ్యూకు నిన్ను పిలవరు. రేపు పొద్దున పదిమందిని తీస్కరా. సంతకం పెట్టేస్త."

నవతకు స్కాలర్‌షిప్పు ఆగిపోయి ఏడాది దాటింది. నారాయణగూడ ట్యుటోరియల్‌లో అరిచి అరిచి గొంతు పోయింది. ముప్పై రెండేళ్ళు వచ్చాయి. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఎప్పుడో ఎవరు చెప్పగలరు? అందుకే మర్నాడు పొద్దున్నే అడ్డా మీదికి వెళ్ళింది. సిగ్గు చంపుకుని వెళ్ళింది.

"ఏం మేడం, ఇంక రాయంగ మిగిలిందా?" అని నవ్వాడు మాసయ్య మేస్త్రీ. అడ్డాకు పెద్దదిక్కు ఆయనే. పక్కన ఆశమ్మ కూర్చుని ఉంది. ఎల్లేష్‌కు సొంత అక్క.

"మొఖం గట్లున్నదేంది చెల్లె? జర చాయ్ తాగు."

నవత చాయ్ ముట్టుకోలేదు. సంతకం, ఉద్యోగం, సారు పెట్టిన షరతు, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతుంటే తన మాటలంటే తనకే రోత పుట్టింది.

మాసయ్య ఉమ్మేశాడు. "మంచిగనే ఉన్నది! మాట ఇయ్యనీకె ఆయనకు కాళ్ళు రావు గాని, మమ్ముల పిల్వనీకె నిన్ను తోలిండా?"

ఆశమ్మ లేచి, కొంగు నడుముకు చుట్టి, తట్ట అందుకుంది.

"పోదం పాండ్రి," అంది.

"నీ తమ్ముడు మంచాన పడి ఉన్నడే!" అన్నాడు మాసయ్య.

"ఉన్నడు. వాడు లేస్తడో లేదో దేవునికెరుక. ఈ పిల్ల చదువన్న ఒడ్డుకు పడనీ. రెండేండ్లు మనతోని ఎండల నిలబడ్డది. అక్కా అని పిల్చింది. గీ పట్నంల మనల గట్ల పిల్చినోళ్ళెవరున్నరు?"

ఒక్కొక్కరే లేచారు. పదిమంది కంటే ఎక్కువే. నవతకు అడిగింది దొరికింది, ఇక ముందు నడవడమే తరువాయి. ఏ యజమాని బెదిరింపుకూ లొంగని కట్టుబాటు తన మీది ప్రేమకు లొంగిపోతోంది. ఛీ, ఇంతకంటే దొంగతనం ఏముంటుంది!

"వద్దక్కా," అంది. మళ్ళీ గట్టిగా అంది. "వద్దు. ఎవ్వరు రావద్దు. నేను అడుగుడే తప్పు."

అంతలో ధర్మారావు గారి కారు కాస్త ఎడంగా ఆగింది. ఆయన దిగలేదు. అద్దం సగం దించి, తట్టలతో లేచి నిలబడ్డ మనుషులను చూసి తృప్తిగా తల ఊపారు.

"శభాష్ నవతా! జల్ది తీస్కరా."

నవత కారు దగ్గరికి వెళ్ళింది. "రారు సార్. మీరు దిగి, ఎల్లేష్ వైద్యం సంగతి వాళ్ళకు చెప్పున్రి. చెప్పేదాంక రారు. వస్తమన్నోళ్ళను నేనే వద్దన్న."

"పిచ్చిగాని పట్టిందా? నీ థీసిస్..."

"తెలుసు సార్."

అద్దం పైకి లేచింది. కారు నారాయణగూడ వైపు తిరిగి వెళ్ళిపోయింది. నవత వచ్చి ఫుట్‌పాత్ మీద కూలబడింది. ఆశమ్మ తట్ట బోర్లించి పక్కనే కూర్చుంది.

"గంత రాస్తివి గద చెల్లె మా మీద," అంది మెల్లగా. "ఇగ దాన్ని ఎవరు చదువుతరు?"

నవత ఇందాక ముట్టుకోని చాయ్ అందుకుని, చల్లారిపోయినా తాగింది.