చైత్రకు లాప్‌టాప్

ఆ అబద్ధం సౌభాగ్య ఆడాలని ఆడింది కాదు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ వీధిలో కంప్యూటర్ల అంగడి మెట్లెక్కగానే, లోపలున్న అంగడాయన మునిశంకర్ నవ్వుమొహంతో, "రాండమ్మా, బిడ్డకా?" అని అడిగాడు. నలభై దాటిన ఆడమనిషి, చేతిలో బట్ట సంచి, కొప్పులో నాలుగు కనకాంబరాలు. ఇంకేమని అడుగుతాడు పాపం! ఆమె "ఊ" అనేసింది.

ఆమెకు బిడ్డ లేదు. పెళ్లే కాలేదు. కాలేజీలో చేరింది తనే.

పీయూసీ, అంటే ఇంటర్, పాసైన ఏడాది తండ్రి పోయాడు. ఆ వెనకే ఆయన పనిచేసిన బంగారు గని మూతపడింది. తరువాత తల్లి చిన్నవెంకటమ్మకు పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఊరిగాంలో గని కంపెనీ కట్టించిన రేకుల ఇంట్లో తల్లికి తినిపించడం, కడగడం, పక్క మార్చడంతోనే సౌభాగ్య వయసంతా చెల్లిపోయింది. నిరుడు తల్లి కూడా పోయాక ఆ ఇంట్లో మాట అనేదే లేకుండా పోయింది. గార్మెంట్ కంపెనీ చొక్కాలకు ఇంట్లో కూర్చుని గుండీలు కుడుతుంది. మూట తెచ్చి పడేసే ఆటోవాడు ఇంజనైనా ఆపడు. తల్లి ఫోన్‌ను మాత్రం మూలన పడేయడానికి చేయి రాక, రీచార్జి చేయిస్తూ, రోజూ చార్జింగ్‌కు పెడుతూ దేవుడి పటం పక్కన ఉంచింది. అది మోగదని తెలుసు. తెలిసీ పెడుతూనే ఉంది.

పగలల్లా గోడలు చూడలేక, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకొని పేటలోని ఒక కాలేజీలో బీకాంలో చేరింది. మొదటి రోజు గేటు దగ్గర వాచ్‌మన్, "పేరెంట్స్ మీటింగు ఈ పొద్దు కాదమ్మా" అన్నాడు. క్లాసులోకి పోతే పిల్లలంతా లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడం అన్నారు. సంగతి తెలిశాక విరగబడి నవ్వారు. చెడ్డ పిల్లలేమీ కాదు. ఆంటీ అని మర్యాదగా పిలిచి, ఆమె కూర్చున్న బెంచీని పూర్తిగా ఆమెకే వదిలేశారు. ఇప్పుడు ప్రాక్టికల్స్‌కు ఎవరి లాప్‌టాప్ వాళ్లు తెచ్చుకోవాలని లెక్చరర్ చెప్పాడు. మూడోసారి నవ్వులపాలు కావడానికి సౌభాగ్యకు ఓపిక లేదు. అందుకే ఆ "ఊ".

"ఏం పేరమ్మా బిడ్డది?"

రోడ్డవతల బోర్డు కనబడింది. చైత్ర ఫ్యాన్సీ స్టోర్స్. "చైత్ర" అంది.

"అట్లనా! మా యెదురంగడి పేరే."

"అవునప్పా. నేనూ ఇప్పుడే చూసినా" అని నాలుక కరుచుకుంది. అతను పట్టించుకోలేదు. లాప్‌టాప్‌లు రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి నల్లది, పెద్ద తెర, మీటల మీద అక్షరాలు దూరానికే కనబడుతున్నాయి. ఇంకొకటి వెండి రంగులో, సన్నంగా, నోటుపుస్తకమంత ఉంది. సౌభాగ్య మనసు నల్లదాని మీద పడింది.

"ఇది బాగుండాదప్పా. అచ్చరాలు పెద్దగా ఉండాయి."

మునిశంకర్ నవ్వాడు. "అది రిటైరైన సార్లు అడిగేదమ్మా. కాలేజీ బిడ్డ దాన్ని ఎత్తుకొని పోతే అందురూ నగతారు."

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. "నా కండ్లకు కనబడాల గదా, అందుకని చూసినా. బిడ్డను అడిగి చెప్తాలే."

మర్నాడు పోయి, చైత్ర ఇంకా తేల్చలేదంది. ఆ మర్నాడు, రంగు నచ్చలేదంది. మునిశంకర్ విసుక్కోలేదు. స్టూలు వేసి, పక్క హోటల్ నుంచి టీ తెప్పించేవాడు. "ఏమంటాది మీ యజమానురాలు?" అని ఆటపట్టించేవాడు. చైత్ర రాగి సంగటి చూస్తే మొగం తిప్పుకుంటుందని, అన్నమే కావాలంటుందని, తలకు నూనె పెట్టనివ్వదని ఆమె చెప్పేది. "మా వీణా అంతే, రెండో క్లాసుకే ఇంత పొగరు" అని అతను తన కూతురి గోల చెప్పేవాడు. ఇద్దరూ పిల్లల్ని పెంచే కష్టం గురించి నిట్టూర్చేవారు.

ఇంటికొచ్చి గుండీలు కుడుతూ, రేపు చైత్ర ఏం పేచీ పెట్టాలో ఆలోచించుకునేది. ఒకసారి ఆ పేచీ మరీ ముదిరి సౌభాగ్యకు నిజంగానే కోపం వచ్చింది. ఆ పూట అన్నం తినలేదు. ఎవరి మీద అలిగిందంటే ఏం చెబుతాం!

కొనేస్తే ఆ టీ, ఆ మాటలు అయిపోతాయి. అది ఆమెకు బాగా తెలుసు. రోజంతటిలో ఆమెను ఎవరైనా ఏదైనా అడిగేది ఆ అంగడిలోనే. అందుకే వంకల మీద వంకలు పెట్టింది. కానీ సోమవారం నుంచి లాప్‌టాప్ లేనివాళ్లను లోపలికి రానివ్వనని లెక్చరర్ తేల్చి చెప్పాడు.

"ఏది కావాలంటాది చైత్ర?" అని అడిగాడు మునిశంకర్.

సౌభాగ్య నల్లదాన్ని ఒకసారి చూసుకుంది. తను ఇన్నాళ్లూ పెంచిన పిల్ల దాన్ని చచ్చినా ముట్టుకోదు. "సన్నదే" అంది.

"నేను మొదుట్నే చెప్పలేదా! బిల్లు మీద బిడ్డ నంబరే వేస్తానమ్మా. ఏమన్నా ఉంటే ఆయమ్మికే ఫోన్ చేస్తా. మిషను సంగతి మీకు చెప్తే గాబరా పడతారు."

ఆమెకు నోటికి వచ్చిన నంబర్లు రెండే. ఒకటి తనది. రెండోది చెప్పింది.

ఇంటికొచ్చి, కిటికీ దగ్గర బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. కళ్లద్దాలు పైకి జరిపింది, కిందికి జరిపింది, మొహం తెరకు ఆనించినంత పని చేసింది. లేని బిడ్డ ముచ్చట కోసం ఉన్న కళ్లను కాదనుకున్నానే అని తనను తానే తిట్టుకుంది.

అప్పుడు దేవుడి పటం పక్కన ఫోన్ మోగింది. ఆ చప్పుడేమిటో ఆమెకు వెంటనే తెలియలేదు. తెలిశాక పరుగున పోయి ఎత్తింది.

"హలో, చైత్రేనామ్మా?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, సన్నగా "ఊ" అంది.

"నేను కంప్యూటరంగడి మునిశంకర్‌ను తల్లీ. మౌసు పెట్టిచ్చేది మరిచిపోయినాను. మీయమ్మతో చెప్పు. ఇంగొక మాట. తప్పుగా అనుకోవద్దు. మీయమ్మకు మాట్లాడేదానికి ఎవురూ లేనట్టుండాది. ఒక మిషను కొనేదానికి ఎవురన్నా ఇన్ని దినాలు తిరగతారా? వచ్చినప్పుడంతా నీ మాటే. తలకు నూనె పెట్టనీవంటనే? ఒక దినం పెట్టనీమ్మా, ఏం పోతాది?"

సౌభాగ్య గోడకు ఆనుకొని కిందికి జారి కూర్చుంది.

"మొదటి దినం ఆ పెద్ద అచ్చరాలదాన్ని ఎంత ఆశగా చూసిందో. ఆమెకూ నేర్చుకోవల్లని ఉండాదమ్మా, నోరు తెరిచి అడగలేదు అంతే. కంట్రోలు మీట పట్టుకొని ప్లస్సు నొక్కితే అచ్చరాలు పెద్దవైతాయి, నీకు తెలిసేదే. పక్కన కూసోబెట్టుకొని రవంత నేర్పీ. సరేనా?"

"సరే అన్నా."

"ఈతూరి ఇద్దురూ కలిసి రాండి. టీ తాగి, మౌసు తీసుకొని పోదురు."

"వస్తాం" అంది సౌభాగ్య.

ఫోన్ పెట్టేశాక ఆమె ఏడ్చింది. తల్లి పోయిన నాడు కూడా అంతలా ఏడవలేదు. తన ఒంటరితనం ఒక మనిషి కంటపడింది. అతను దాన్ని కనిపెట్టాడు, జాలిపడ్డాడు, ఎవరితో చెప్పాలో వాళ్లతోనే చెప్పాననుకున్నాడు. ఆ మాట నిలబెట్టడానికి ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు.

మొహం కడుక్కొని వచ్చి, కంట్రోలు పట్టుకొని ప్లస్సు నొక్కింది. అక్షరాలు పెద్దవయ్యాయి. మళ్లీ నొక్కింది. కళ్లద్దాలు లేకుండానే కనబడేదాకా నొక్కింది.

సోమవారం నుంచి సౌభాగ్య కాలేజీకి మార్కెట్ వీధి వదిలేసి చుట్టుదారిన పోతోంది. మౌసు ఇంకా మునిశంకర్ దగ్గరే ఉంది. అమ్మ ఫోన్ ఇప్పుడు దేవుడి పటం పక్కన లేదు. పోయేటప్పుడు దాన్ని కూడా సంచిలో వేసుకుంటుంది, చైత్ర కోసం ఎవరైనా చేస్తారేమోనని.