అరవై రెండు సెంటీమీటర్ల నమినమి

ఖాళీ తొట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని ఫుకియె నాలుగో మూల తోముతోంది. మూడు మూలలు అయిపోయాయి. బ్రష్షు పట్టిన చెయ్యి ముందుకు పోయినప్పుడల్లా నోటివెంట ఒక పడవపాట ముక్క వస్తుంది, వెనక్కి వచ్చినప్పుడు ఆగిపోతుంది. ముంజేతులు పొట్టిగా, దిట్టంగా ఉంటాయి. వాటి మీద నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు నువ్వులు చల్లినట్టున్నాయి.

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. యాయిజు రేవులో, నలుగురూ వచ్చి వేడినీళ్ళ తొట్టిలో కూర్చునే ఈ వీధి స్నానశాలలో నలభై ఒక్క ఏళ్ళుగా ఆమె పని ఒకటే. పొద్దున తొట్టి తోమాలి, మధ్యాహ్నం బాయిలర్‌లో చెక్కముక్కలు వేసి మంట పెట్టాలి, మూడింటికి, స్నానశాల తెరిచినట్టు గుర్తుగా గుమ్మానికి నీలం తెర కట్టేలోగా నీళ్ళు నింపాలి. మొగుడు చేపల ఓడ మీద ఏడాదికి పది నెలలు సముద్రంలో ఉండేవాడు, మిగిలిన రెండు నెలలు సారాకొట్టులో ఉండేవాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన ముఖం మొత్తం కలిపి మూడేళ్ళు చూసి ఉంటానని ఆమె లెక్క. పిల్లలు లేరు. అందుకు దిగులు పడే తీరిక కూడా ఎప్పుడూ దొరకలేదు.

రేపటి నుంచి ఆ పనీ లేదు. బాయిలర్ గదిలో నిన్న గ్యాసు యంత్రం బిగించారు. గోడకు తెల్లటి పెట్టె ఒకటి, దానికి నాలుగు మీటలు. ఫుకియె సాయంత్రం ఐదింటి బస్సుకు మిక్కబిలో చెల్లెలి నారింజ తోటకు పోతోంది. పొగ పీడ వదిలిందని ఆమెకు ఎగిరి గంతెయ్యాలనే ఉంది. మనసులో ఒక్కటే ముల్లు. ఆ పెట్టెలో తొట్టి నీళ్ళ లోతు ఎంతని అంకె వెయ్యాలట. ఏ అంకె పడితే నీళ్ళు ఇక రోజూ అంతే. పోయి సరిచెయ్యడానికి రేపు తను ఉండదు.

"పిన్నీ, నమినమి అంటే ఎన్ని సెంటీమీటర్లు?" అంటూ మిజుహో కాగితం పట్టుకుని వచ్చింది. ముప్ఫై మూడేళ్ళ పిల్ల, పాత యజమాని మనవరాలు. తాత పోయాక నిరుడే పగ్గాలు పట్టింది. మంచిదే కానీ, ప్రతిదానికీ అంకె కావాలంటుంది.

ఫుకియె పనిలో చేరిన రోజున ఆ తాత చెప్పింది ఒక్కమాటే: నీళ్ళు నమినమిగా ఉండాలి. రేవులో ఎవరికీ ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. గ్లాసులో సారా అంచు దాటి గుండ్రంగా ఉబ్బి నిలబడాలి, ఇంకొక్క చుక్క పడితే ఒలికిపోవాలి. అది నమినమి.

"నాకేం తెలుసమ్మా సెంటీమీటర్లు? నిండాలి, అంతే."

"అంచుదాకా డెబ్బై. మెకానిక్ అరవై రెండు చాలన్నాడు. కూర్చుంటే మెడదాకా వస్తాయి పిన్నీ. సరిపోదూ?"

"ఎందుకు సరిపోదు? సరిపోవడం వేరు, నమినమి వేరు."

"తేడా ఏమిటో చెప్పు మరి."

 నలభై ఒక్క ఏళ్ళుగా చేస్తున్న పనికి ఫుకియెకు మాట దొరకలేదు. చివరికి, "సరేలే, ఇవాళ అరవై రెండే పోసి చూద్దాం" అని లేచి, బకెట్టును కసిగా బోర్లించింది.

మూడింటికి తెర కట్టారు. ఆడవాళ్ళ వైపు అరడజను మంది గోడకున్న కుళాయిల ముందు పొట్టి పీటలేసుకుని ఒళ్ళు రుద్దుకుంటున్నారు. వీపులన్నీ తొట్టివైపే. మామూలు రోజుల్లో ఎవరు తొట్టిలో దిగినా నీళ్ళు పొర్లి, నేల మీద పలకల మీదుగా వెచ్చగా వచ్చి పాదాలు తడుపుతాయి. తల తిప్పకుండానే "వచ్చావా?" అని పలకరిస్తారు. పొర్లిన తీరు చూసి ఎవరో కూడా చెప్పేస్తారు. చేపవడల దుకాణం మసుయె దిగిందంటే బేసిన్లు కొట్టుకుపోతాయి. బాయిలర్ గదికీ తొట్టికీ మధ్య చిన్న తలుపు ఉంది. నలభై ఏళ్ళుగా ఫుకియె ఆ తలుపు వెనక కూర్చుని ఈ పలకరింపులు వింటూ చెక్కలు విరుస్తోంది.

అందరికన్నా ముందు తొట్టిలో దిగేది సావ. ఎనభై ఎనిమిదేళ్ళు. ఒకప్పుడు రెండు గంపల చేప ఒక్క భుజాన మోసిన మనిషి. ఇప్పుడు పొగబెట్టి ఎండేసిన చేపముక్కలా ఎండిపోయింది. అంచు పట్టుకుని ఒక్కో కాలూ పెట్టి దిగి కూర్చుంది.

నీళ్ళు పొర్లలేదు. ఎవరూ పలకరించలేదు. కుళాయిల దగ్గర ఎవరి అల్లుడిదో సొద సాగుతూనే ఉంది.

"ఒసే మసుయె, నేను దిగానే" అంది సావ.

"అయ్యో సావత్తా, ఎప్పుడు దిగావు? తెలీనేలేదు!"

"నీకెట్లా తెలుస్తుందిలే. నీళ్ళకే తెలీలేదు."

అందరూ నవ్వారు. సావ కూడా నవ్వింది కానీ మధ్యలో ఆపేసింది. "పోయేటప్పుడు కూడా ఇట్లాగే పోతానేమో, ఎవరికీ తడి తగలకుండా" అని మెల్లగా అంది.

తలుపు వెనక ఫుకియెకు ఆ మాట వినిపించింది. చేతిలో చెక్క కింద పడేసి లోపలికి వచ్చి, పెద్ద కుళాయి రెండు చేతులతో తిప్పేసింది.

"సావక్కా, లే. పైకి రా."

"ఇప్పుడేగా దిగాను! నేనేమన్నా కోడిగుడ్డునా, ఉడకేసి, తీసి, మళ్ళీ ఉడకెయ్యడానికి?"

"లే అంటే లే. మళ్ళీ దిగుదువుగాని."

నీళ్ళ చప్పుడు విని మిజుహో సాక్సులతోనే పరుగెత్తుకొచ్చింది. "పిన్నీ! అరవై రెండన్నాం కదా!"

"బస్సెక్కేదాకా ఈ నీళ్ళు నావి. ఆ తర్వాత నీ ఇష్టం."

పావుగంట పట్టింది. సావ భుజాల మీద తువ్వాలు కప్పుకుని, పీట మీద కూర్చుని గొణిగింది. మసుయె లేవబోతే ఫుకియె కసిరింది: "నువ్వాగవే తల్లీ! నువ్వు దిగితే ఓడలు కొట్టుకుపోతాయి." నీళ్ళు అంచుకొచ్చాయి. ఇంకా కొంచెం వదిలింది. అంచు దాటి సన్నగా ఉబ్బి నిలబడ్డాక కుళాయి కట్టేసింది.

"ఇప్పుడు దిగు."

సావ కాలు పెట్టగానే నీళ్ళు నాలుగు వైపులా జారాయి. కూర్చునేసరికి తొట్టి పొంగి పొర్లింది. నీళ్ళు పలకల మీద పల్చగా పరుగెత్తి అందరి పాదాలూ తడిపి, మిజుహో సాక్సులు ముంచేశాయి.

"సావత్తా!" "సావక్కా, వచ్చావా!" అని వీపులన్నీ ఒక్కసారే అరిచాయి.

"ఆఁ, వచ్చానే. ఏమిటా గోల?" అంది సావ. గడ్డం నీళ్ళ మీద ఆనించి, ఓడ యజమానిలా కళ్ళు మూసుకుంది.

మిజుహో తన తడి పాదాలు చూసుకుంది. తర్వాత బాయిలర్ గదిలోకి పోయి, తెల్లపెట్టె మీట నొక్కుతూ పోయింది. అరవై ఐదు, అరవై ఎనిమిది, డెబ్బై. ఎర్రదీపం వెలిగి పెట్టె కీచుమంది.

"పొర్లిపోతుందంటోంది పిన్నీ ఇది."

"హమ్మయ్య, దానికీ అర్థమైంది" అంది ఫుకియె.

మిజుహో పకపకా నవ్వి మీట గట్టిగా నొక్కి డెబ్బై ఖాయం చేసింది. దీపం ఎర్రగానే ఉంది. ఉండనిచ్చారు.

నాలుగింటికి చెక్కల మంట ఆరిపోయి గ్యాసు యంత్రం పని అందుకుంది. ఫుకియె చివరి బూడిద ఎత్తి, ఒళ్ళు కడుక్కుని, తానూ ఒకసారి తొట్టిలో దిగింది. "ఎవరది, ఫుకియేనా?" అని కుళాయిల దగ్గర నుంచి కేక వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళలో తలుపుకు ఇవతల నుంచి ఆ కేక ఆమె వినడం ఇదే మొదలు. అందరూ వెళ్ళాక అడుగు నీళ్ళలోనే ఎప్పుడూ స్నానం చేసేది. కళ్ళు చెమ్మగిల్లాయి. వేడి నీళ్ళలో ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

బస్సు దగ్గర మిజుహో నడుము వంచి దండం పెడుతుంటే, "పో పో, కౌంటర్‌లో ఎవరూ లేరు" అని తరిమింది. బస్సు మలుపు తిరిగింది.

మిజుహో వెనకదారిన బాయిలర్ గదిలోకి వచ్చింది. గది ఊడ్చి ఉంది. పీట మీద, ఆమె కోసం, పిడి విరిగిన కప్పులో ఫుకియె బార్లీ టీ పోసి పెట్టి పోయింది. ఎత్తితే ఒలుకుతుంది. మిజుహో చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, మూతినే కప్పు దగ్గరికి తీసుకుపోయింది. టీ అంచు దాటి గుండ్రంగా ఉబ్బి, ఒక్క చుక్క కూడా ఒలక్కుండా, ఇంకా వెచ్చగా ఉంది.