చెక్క అదురు

బంధువులంతా ఆయన్ని "సౌండు అల్లుడు" అనేవారు. వెనకాల వెక్కిరింతకే అన్నా, ఆయన మాత్రం దాన్ని బిరుదులాగే స్వీకరించాడు. ఇంట్లో ఉన్నవి నడుమెత్తు పాత చెక్క స్పీకర్లు. మంద్రస్వరం వచ్చినప్పుడల్లా వాటి పలకలు సన్నగా అదిరేవి. ఆ అదురు ఆయనకు చెప్పులో రాయిలా తయారైంది.

దానికి ఆయన కనిపెట్టిన మందు, కారు తలుపుల్లో అతికించే నల్లటి జిగురు షీట్లు. పలక మధ్యలో చిన్న ముక్క వేస్తే చాలని, ఎక్కువైతే శబ్దం చచ్చిపోతుందని పొట్లం మీదే రాసి ఉంది. పొట్లం మీది రాతలు చదవడానికి ఆయనేమన్నా సామాన్యుడా! బెత్తెడు చాలన్నచోట బారెడు వేశాడు. రెండు పెట్టెల లోపలా ఎక్కడా చెక్క కనబడకుండా అతికించి, వేలి కణుపుతో కొట్టి చూసుకున్నాడు. బండరాయిని కొట్టినట్టుంది. ఇక ఆయన కాళ్లు నేలమీద నిలవలేదు.

షీట్లు వేశాక మొదటి పాటను ఆదివారం తోడల్లుణ్ణి పిలిచి మరీ పెట్టాడు. అంతలో అత్తగారు వచ్చి, ఎప్పటిలాగే కిటికీ పక్క స్పీకరును ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఆవిడకు చెవులు వినబడక ఏళ్లయింది. అయినా రోజూ పాట పెట్టే వేళకు వచ్చి, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుంటారు. ఏదో అలవాటులే అనుకునేవాడు అల్లుడు. చేతి మరకలు పడుతున్నాయని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాడు కూడా.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అన్నాడు తోడల్లుడితో. ఇద్దరూ నవ్వుకున్నారు.

అత్తగారు చెయ్యి ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపారు. వంగి, చెంప ఆనించి చూశారు.

"పాట ఇంకా పెట్టలేదా బాబూ?"

గది హోరెత్తిపోతోంది. తోడల్లుడు పగలబడి నవ్వాడు. అల్లుడి భార్య మాత్రం నవ్వలేదు.

"అమ్మ వినేది ఆ చెక్క అదురుతోనండీ. అరచేత్తోనే వింటుంది. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం, మీకు తెలుసనుకున్నా."

అల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఇందాకటి శంఖం మాట గుర్తొచ్చి నాలుక కోసుకోవాలనిపించింది. మాట వినబడకపోయినా, ఆ నవ్వు ఆవిడ చూసే ఉంటారు.

తోడల్లుడు గడప దాటగానే, కిటికీ పక్క స్పీకరు తీగలు పీకి, వెనక పలక విప్పి, షీట్లు గీకడం మొదలుపెట్టాడు. ఆడుతూ పాడుతూ అతుక్కున్నవి ఊడేటప్పుడు ప్రాణం తీశాయి. జిగురంతా గోళ్లలో చేరింది. మధ్యమధ్యలో వేలితో కొడితే అదే బండ మోత. సాయంత్రానికి ఒక్క వైపు మాత్రం చెక్క తేలింది.

అత్తగారు వచ్చారు. చెమటోడుతున్న అల్లుడి ముఖంలోకి ఓసారి చూశారు. పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా తలూపారు.

"వినబడుతోంది బాబూ. మునుపటిలాగే ఉంది. ఇక లేవండి, ఎంతసేపని కష్టపడతారు!"

అల్లుడు తలెత్తలేకపోయాడు. పాట ఇంకా పెట్టనేలేదు. పీకిన స్పీకరు తీగలు ఇంకా నేలమీదే ఉన్నాయి.