ఒక గోడ, మూడు కారణాలు

ఆ రోజు పొద్దున ఇంట్లో ఉన్నది ఐదుగురు. కిటికీ దగ్గర కూర్చుని పాత దుప్పటికి అతుకు వేస్తున్న నాయనమ్మ, కుంచెలను కిరసనాయిలులో జాడిస్తున్న నాన్న, పేపరు ముందేసుకుని ప్రపంచాన్ని సరిదిద్దుతున్న బాబాయి, ఆ పేపరు ఎప్పుడు వదులుతాడా, ఎప్పుడు పొయ్యి రాజేద్దామా అని చూస్తున్న అమ్మ, గోడకు ఆనుకుని ఎవరికీ అడ్డం రాకుండా నిలబడ్డ గువ్వ. గొంతు పెగలదు కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు పెట్టింది అన్నే. ఆ అన్న మాత్రం ఇంట్లో లేడు. శిక్షణ ముగించుకుని, మర్నాడు పొద్దున సైనికుల రైల్లో, సముద్రం అవతల జరుగుతున్న యుద్ధానికి వెళ్తున్నాడు. ఆ రైలు ఈ ఊరు మీదుగానే పోతుంది. ఆగదు.

నాన్నకు చదువు రాదు. ఊళ్లో ఏ కొట్టు బోర్డు చూసినా, ఏ లారీ వెనక రాత చూసినా ఆయన చేతిదే. అయినా ఆయనకు అక్షరం అంటే బొమ్మ. గువ్వ సుద్దతో గీత గీస్తుంది, ఆయన రంగు నింపుతాడు. గీత ఎక్కడ వంకరపోయిందో ఆయన కన్ను చెప్పేస్తుంది గానీ, ఆ గీతలు ఏమంటున్నాయో కూతుర్ని అడగాల్సిందే.

బయట సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. ఊళ్లో సర్కారు ఆఫీసు బంట్రోతు చెమటలు కక్కుకుంటూ లోపలికొచ్చాడు.

"పెయింటరుగారూ, కొంప మునిగింది. రైలు కట్ట పక్క గోడ చూశారా?"

"నిన్న రాత్రి వాన కదా. ఇంకా అటు పోలేదు."

"పోయి చూడండి. ఊరంతా అక్కడే ఉంది, పళ్లు ఇకిలిస్తూ."

ఆ గోడ మీద రాత నాన్నదే. యుద్ధం మొదలైనప్పుడు ఆఫీసువాళ్లు 'మిత్రుణ్ణి కాపాడుదాం' అని రాయమన్నారు. రెండు నెలలకు అది తుడిచి 'నియంతను దించుదాం' అని రాయమన్నారు. మొన్న అదీ తుడిపించి 'శాంతి కోసమే సమరం' అని రాయించారు. ఎనామిల్ రంగును ఉప్పుకాగితంతో గీకి ఆ తర్వాతే సున్నం వెయ్యాలి. అది బాబాయి పని. బాబాయి రెండుసార్లూ గీకకుండానే సున్నం కొట్టేశాడు. వానకు ఆ సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, అడుగున ఉన్నవన్నీ పైకి తేలాయి.

"ఇప్పుడేముంది గోడ మీద?" అన్నాడు బాబాయి, చిన్న గొంతుతో.

"'మిత్రుణ్ణి దించుదాం' అని ఉంది. కింద 'శాంతి' ఒక్కటే మిగిలింది."

నాయనమ్మ సూది ఆపింది. "రెండుసార్లు మాట మార్చింది వాళ్లు, పట్టిచ్చింది మావాడి బద్ధకం. మంచి పనే చేశావురా చిన్నోడా."

"అమ్మా, నువ్వు ఊరుకో." నాన్న మొహం కందిపోయింది. ఆయన రాత చూసి జనం నవ్వడం ఇదే మొదలు. "రేపు పిల్లాడు చూస్తాడు ఆ గోడ. నిచ్చెన పట్టుకుని పెరిగినవాడు. మలుపులో రైలు నెమ్మదిస్తుంది, తల బయటపెట్టి మరీ చూస్తాడు."

"అందుకే తుడిచి కొత్తగా రాయమన్నారు, ఈ సాయంత్రానికల్లా," అన్నాడు బంట్రోతు.

"ఏమని రాయాలి?"

"అది చెప్పలేదండీ. తుడవమన్నారంతే."

బాబాయికి మళ్లీ ఊపిరొచ్చింది. "మిత్రుడి సంగతే రాయమంటారు. పేపర్లో అదే ఉంది."

"నిన్నటి పేపర్లో నియంత అన్నావు కదయ్యా," అంది అమ్మ. "నా కొడుకు ఎందుకు పోతున్నాడని ఎవరైనా అడిగితే నేనేం చెప్పను? పేపరు తేదీ చూసి చెప్పాలా?"

నాన్న కుంచెలు గుడ్డలో చుట్టాడు. గోడ గీకడానికి నాన్న, బాబాయి, అమ్మ ముగ్గురూ కావాలి, లేకపోతే సాయంత్రానికి తెమలదు. బంట్రోతుకు ఇంకా ఊరంతా తిరిగే పనుంది, మరి ఆఫీసుకు వెళ్లి మాట తెచ్చేదెవరు? అందరి చూపూ ఒక్కసారే గోడకు ఆనుకున్న గువ్వవైపు తిరిగింది.

"నేనా?" అంది గువ్వ. ఆ మాట బయటకు వచ్చిందో లేదో ఆమెకే తెలియలేదు.

"గీసేది నువ్వే కదమ్మా," అన్నాడు నాన్న. "నీకే సరిగ్గా తెలియాలి."

ఆఫీసు వరకు నడిచినంతసేపూ ఒకే వాక్యాన్ని లోపల తిప్పుకుంది. 'ఏం రాయాలో చెప్పండి.' మెట్లు ఎక్కేసరికి అది కూడా ఎగిరిపోయింది. గదిలో ఆఫీసరుగారు, ఆయన ఎదురుగా గుమాస్తా, ఇద్దరి మధ్యా కాగితాల కుప్ప. గువ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది. గుమాస్తా తల ఎత్తాడు.

"ఎవరు కావాలి పాపా?"

"గోడకి... మాట."

"పెయింటరు కూతురు సార్," అన్నాడు గుమాస్తా.

ఆఫీసరుగారు నుదురు రుద్దుకున్నారు. "పై నుంచి వచ్చిన ఉత్తరం తియ్యండి."

"ఏది సార్? సోమవారందా, బుధవారందా? సోమవారం దాంట్లో మిత్రదేశం, బుధవారం దాంట్లో శాంతి."

"రెండూ కలిపి రాయిస్తే?"

"ఇప్పుడు గోడ మీద ఉన్నది అదే కదా సార్."

ఆఫీసరుగారు గుమాస్తాను కొరకొరా చూశారు. ఆ తర్వాత గువ్వవైపు తిరిగి, గొంతు మెత్తన చేసుకుని, "నీకు ఏది తోస్తే అది రాసెయ్యమ్మా. ఏదైతే ఏముంది? రైలు ఆగేది కాదు కదా," అన్నారు.

గువ్వ చెవులు వేడెక్కాయి. అన్న మొహం కళ్లలో కదిలింది. మలుపు దగ్గర, కిటికీలోంచి బయటికి వంగి, నాన్న చేతిరాత కోసం వెతుకుతున్న మొహం. ఎందుకు వెళ్తున్నావని ఆమె వాడిని ఒకసారి అడిగింది. 'పిలిచారు, వెనకడుగు వెయ్యకూడదనిపించింది' అన్నాడు. ఆ సమాధానంలో ఒక్క అక్షరం తుడవాల్సిన పని లేదు.

"ఆగదండీ," అంది. ఈసారి మాట వినిపించింది. "మా అన్న చదువుతాడు. వాడితో వెళ్లేవాళ్లూ చదువుతారు. మీకు తెలియని మాట నేను గియ్యను."

గుమాస్తా కలం కింద పెట్టాడు.

"మరి ఖాళీగా వదిలేస్తావా?" అన్నారు ఆఫీసరుగారు.

"లేదండీ. పేర్లు రాస్తాను. ఈ ఊరి నుంచి వెళ్లినవాళ్లు ఇరవై ముగ్గురు. వాళ్ల ట్రంకు పెట్టెల మీద పేర్లు వేసింది మా నాన్నే. ఒక్కో పేరూ నేనే గీశాను. ఏ పేరులో ఎన్ని అక్షరాలో నాకు కంఠతా వచ్చు. యుద్ధం ఎందుకో మారొచ్చు, ఎవరు వెళ్లారో మారదు."

అన్ని మాటలు వరసగా ఆమె ఇంట్లో కూడా ఎప్పుడూ అనలేదు. భయం ఇంకా ఉంది. అయితే వీపు మాత్రం నిచ్చెనలా నిటారుగా నిలబడింది.

"ఆ గోడ మీద పేర్లు రాయడానికి అనుమతి లేదు," అన్నారు ఆఫీసరుగారు.

"రాయవద్దని కాగితం మీద ఇవ్వండి. నాన్నకు చదివి వినిపిస్తాను."

ఆయన తెల్లకాగితం ముందుకు లాక్కున్నారు. కలం మూత తీశారు. కాగితం పైన తేదీ వేశారు. ఆ కింద ఒక్క అక్షరం పడలేదు. ఆ ఇరవై ముగ్గురి పేర్లు వద్దని సంతకం పెట్టడానికి ఆయనకు చేతులు రాలేదు. గుమాస్తా కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు, పెదవులు బిగించి.

ఆఫీసరుగారు లేచి గుమ్మం దాకా వచ్చారు. గువ్వ వెనక్కి జరగలేదు.

"పెద్ద అక్షరాలు వెయ్యమను," అన్నారు, ఆమెకు మాత్రమే వినిపించేలా. ఆ వెంటనే గదంతా వినేలా, "నువ్వు నన్ను ఏమీ అడగలేదు, నేను ఏమీ చెప్పలేదు. వెళ్లు!" అని, ఆమె ముఖం మీదే తలుపు వేసేశారు.