ఎత్తని చెయ్యి

ఉదయం నుంచి అరిచి అరిచి లీలా టీచర్ గొంతు బొంగురుపోయింది. నర్సీపట్నంలోని ఆ ప్రైవేటు బడికి ఇవాళ తల్లిదండ్రులను పిలిచారు. పిల్లలు టకటకా జవాబులు చెప్పడం వాళ్ళు కళ్ళారా చూస్తే వచ్చే ఏడాది అడ్మిషన్లకు ఢోకా ఉండదని కరస్పాండెంట్ మన్మథరావుగారి నమ్మకం. అందుకని లీల చేత ఒక ఏర్పాటు చేయించారు. ప్రశ్న వినగానే పిల్లలందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. టీచరమ్మ కుడిచేతుల్లోంచే ఒకరిని లేపుతుంది. చూసేవాళ్ళకు సరస్వతీదేవి ఆ గదిలోనే కాపురముంటోందనిపిస్తుంది. తొమ్మిదివేల జీతానికి లీల ఇలాంటి తెలివితేటలు చాలానే నేర్చుకుంది.

పెద్దలు గోడవార బెంచీల మీద సర్దుకున్నారు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే నూకరత్నం ఆ పూట కూలి వదులుకుని కూతురు శ్రీదుర్గ చదువు చూడ్డానికొచ్చింది. జీడిరసానికి నల్లబడ్డ వేళ్ళను పైటచెంగులో దాచుకుంది.

"అరని పావుతో భాగిస్తే ఎంత?" అని అడిగింది లీల.

శ్రీదుర్గ తప్ప అందరూ చేతులెత్తారు. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ అమ్మాయినే లేపండి," అన్నారు వెనక కుర్చీలోంచి మన్మథరావుగారు. నవ్వుతూనే అన్నారు.

శ్రీదుర్గ లేచింది. "రెండండి. తిరగేసి గుణిత్తే వత్తాదండి. కానీ భాగిత్తే తగ్గాల గదండీ, ఎలా పెరిగిందో నాకు తెల్డం లేదు. ఏ సెయ్యి ఎత్తాలో తెలక ఎత్తలేదండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. నూకరత్నానికి తలకొట్టేసినట్టయింది. లేచొచ్చి కూతురి వీపు మీద ఒక్కటిచ్చింది.

"కడుపు కట్టుకుని సదివిత్తంటే నలుగుర్లో పరువు తీసేత్తావేటే? టీచరమ్మ సెప్పినట్టు సెయ్యడానికి నీకేటి నొప్పి?"

పిల్ల ఏడవలేదు. జవాబు కోసం లీల వైపే చూసింది.

లీల సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగింది. ఎలా పెరిగింది? తిరగేసి గుణించమన్న తన మాస్టారు ఆ సంగతి చెప్పలేదు, తనూ అడగలేదు. డిగ్రీ అయింది, బీఈడీ అయింది, ఇన్నేళ్ళుగా అదే ముద్ద పిల్లల నోట్లో కుక్కుతోంది. చచ్చేంత సిగ్గేసింది. ఉద్యోగం పోతే ఇల్లెలా గడుస్తుందన్న భయం అంతకంటే ఎక్కువే వేసింది.

"బేగి ఇంకో లెక్క అడగండి టీచర్," అన్నారు మన్మథరావుగారు. ఈసారి నవ్వు లేదు.

"ఇది ఎందుకలా అవుతుందో నాకూ తెలీదండి," అంది లీల, పెద్దలందరికీ వినబడేలా. "తెలిసేదాకా ఇంకో లెక్క అడగను."

మన్మథరావుగారు తలుపువైపు చెయ్యి చూపించారు. లీల బోర్డు దగ్గర్నుంచి కదల్లేదు.