సంపెంగ పాదు

"అమ్మాయ్, నువ్వెళ్ళే ముందు, బయట ఉన్నప్పుడు, దీన్ని గానీ ముట్టుకున్నావా?" అన్నారు మా అత్తగారు.

అమ్మకి కంటి ఆపరేషనైతే ద్రాక్షారామంలో వారం ఉండి అప్పుడే వచ్చాను. భుజాన సంచి ఇంకా దించనేలేదు. అమ్మకెలా ఉందని అడిగిన వాళ్ళు లేరు సరికదా, గుమ్మంలోనే ఈ విచారణ. ఆవిడ చూపిస్తున్నది గేటు పక్కనున్న నా సంపెంగ చెట్టుని. ఆకుల అంచులన్నీ పెనం మీద మాడిన అట్టులా అయిపోయాయి. సగం ఆకు రాలి కింద పడి ఉంది. లేత చిగురు వేలితో తాకితే పొడైపోయింది.

"లేదండి," అన్నాను.

"మరి ఊరికే మాడిపోతుందేంటి? పూలమొక్కకి ఆ మైల తగిలితే అంతే," అన్నారావిడ. పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న మా ఆయన పేజీ తిప్పారు.

ఏడేళ్ళ చెట్టు అది. కడియం నర్సరీలో తెచ్చాం. అంటుమొక్కయితే రెండేళ్ళకే పూస్తుందండీ, గింజమొక్కయితే ఏడెనిమిదేళ్ళు ఆగాలండీ అన్నాడు నర్సరీ అతను. మా ఆయన గింజమొక్క వైపు చెయ్యి చూపించి "ఇది చాల్లే, ఆవిడకి కాలక్షేపం" అన్నారు. కాలక్షేపమట! ఐదింటికి లేచి వంట, మా ఇద్దరికీ క్యారేజీలు, ఆపైన కొత్తపేట స్కూల్లో సాయంత్రం దాకా లెక్కలు చెప్పడం, వచ్చాక మళ్ళీ వంట. నాకు కాలం గడవక గిలగిల్లాడుతున్నానని ఈయనకి ఎవరు చెప్పారో! మోటారు పైపు గేటు దాకా రాదు. అందుకని ఏడేళ్ళుగా ఎండాకాలం రోజూ రెండు బకెట్లు మోసి పోశాను. వానాకాలం పాదులో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుందని గొడుగు పట్టుకుని కాలువ తీశాను. గొంగళిపురుగుల్ని ఒక్కొక్కటే ఏరి పారేశాను. ఒక్క పువ్వు పూయకపోయినా దాని మీద నాకు విసుగు రాలేదు, ఎందుకంటే ఈ ఇంట్లో నేను అడిగి తెచ్చుకున్నది అదొక్కటే.

ఇక ఆ మూడు రోజుల సంగతి. ఆ మూడు రోజులూ నేను వండిన అన్నం అందరికీ పనికొస్తుంది, నేను ఉతికిన బట్టలు పనికొస్తాయి, చెట్టుకి మాత్రం నా నీడ తగలకూడదు. అన్నం కూడా మానెయ్యమంటే వండేదెవరు? "వంటకి ఫర్వాలేదులే, రోజులు మారేయి కదా," అంటారు మా అత్తగారు. రోజులు ఎక్కడెక్కడ మారాలో కూడా ఆవిడే చెబుతారు. ఆ మూడు రోజులూ చెట్టుకి నీళ్ళు పొయ్యమని మా ఆయన్ని బతిమాలితే "ఆఁ, పోస్తాలే" అనేవారు. నాలుగో రోజు వెళ్ళి చూస్తే పాదు బీటలు తీసి ఉండేది.

నేనొచ్చిన మూడు రోజులకి ఉప్పలగుప్తంలో చుట్టాల పెళ్ళి. అందరూ వెళ్ళారు. నాకప్పుడు రెండో రోజు, అందుకని నన్ను ఇంటికి కాపలా పెట్టారు. పొద్దున్న పది గంటలు. వరండాలో కూర్చుని ఆ మోడుని ఎంతసేపు చూడను? నా కళ్ళముందు చచ్చిపోతోంది, నేను దాన్ని తాకకూడదట. ఒళ్ళు మండిపోయింది. గునపం తీసుకుని వెళ్ళి పాదు తవ్వాను.

జానెడు లోతులో తెల్లగా గడ్డలు తగిలాయి. ఒకటి తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

పెరట్లోకి వెళ్ళి చూస్తే కొబ్బరిచెట్లకని తెచ్చిన ఉప్పు బస్తా సగానికి దిగి ఉంది. కొబ్బరికి ఉప్పేస్తే గెలలు బాగా వేస్తుందని ఇక్కడ పసిపిల్లాడికి కూడా తెలుసు. మా ఆయన అదే తెలివి నా సంపెంగ మీద చూపించారన్నమాట. అప్పుడు ఏడ్చాను. తరవాత ఆ మట్టంతా తట్టలకెత్తి బయట పోసి, కాలవ గట్టు నుంచి కొత్త మట్టి తెచ్చి నింపి, సాయంత్రం దాకా నలభై బకెట్లు పోసి ఉప్పు కడిగాను. పొత్తికడుపులో నొప్పి, నడుము విరిగిపోతోంది. అయినా ఆపలేదు.

పెళ్ళి నుంచి వచ్చాక మా ఆయన్ని పక్కకి పిలిచి అడిగాను.

"పూత రావట్లేదని మంచికే వేసేను," అన్నారు.

"మరి అత్తయ్యగారు నన్నంటుంటే మీరెందుకు మాట్లాడలేదండీ?"

"అమ్మ సంగతి నీకు తెలుసు కదా. ఓ మాటంటే పడితే పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి? నేను చెప్తాలే."

సరే, చెప్తారని ఎదురుచూశాను. చెట్టు చచ్చినా బతికినా ఆ ఒక్క మాట ఆయన నోట్లోంచి రావాలి నాకు. రోజూ అన్నం వడ్డిస్తూ ఆయన మొహంలోకి చూసేదాన్ని. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి మాత్రం ఆయనకి నోరు బాగానే వచ్చేది. వీధిలో వాళ్ళెవరు వచ్చినా మా అత్తగారు చెట్టు చూపించి, గొంతు తగ్గించి, నా సంగతి చెప్పేవారు. ఆయన పక్కనే ఉండి వినేవారు. అలా రెండు నెలలు గడిచాయి.

ఆషాఢంలో చెట్టు చిగురేసింది. శ్రావణం రెండో శుక్రవారం పొద్దున్న, కొమ్మ చివర పసుప్పచ్చటి పువ్వు ఒక్కటి విచ్చింది. గేటు తీసేసరికే వాసన తెలిసిపోయింది.

ఆ రోజే మా ఇంట్లో వ్రతం. పేరంటానికి పక్కింటి సూర్యావతిగారు, వాళ్ళ కోడలు బేబి, ఇంకో నలుగురు వచ్చారు. మా అత్తగారు నా చేత పువ్వు కోయించి పళ్ళెంలో పెట్టుకుని అందరికీ చూపించారు.

"చచ్చిందనుకున్న చెట్టండి. మూణ్ణెల్లబట్టీ ఆ రోజుల్లో అమ్మాయిని అటుకేసి రానివ్వకుండా కాపలా కాసేను. మడిగా చూసుకుంటే ఎందుకు బతకదండీ? మా అబ్బాయి చెయ్యి కూడా చల్లనిది. మొదటి పువ్వు అమ్మవారికే."

బేబి నా వైపు చూసి తల దించుకుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన్ని చూశాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఆయనకి దొరకదు. ఆయన సెల్ ఫోను తీసి చూసుకుంటున్నారు.

"అత్తయ్యగారూ," అన్నాను. నా గొంతు నాకే నిదానంగా వినిపించింది. "పాదులో అరబస్తా ఉప్పేసింది మీ అబ్బాయండి. మీరంతా ఉప్పలగుప్తం వెళ్ళిన రోజున ఆ ఉప్పు తవ్వి తీసి, నలభై బకెట్లు పోసింది నేనండి. అప్పుడు నాకు రెండో రోజు. ఆ నీళ్ళతోనే బతికింది ఈ చెట్టు."

మా అత్తగారు కొడుకు వైపు చూశారు. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు గానీ, కాదనలేదు. పువ్వు పట్టుకున్న ఆవిడ చెయ్యి అమ్మవారి పటం ముందు అలాగే ఆగిపోయింది.

నేను ఒక అడుగు ముందుకేసి చెయ్యి చాపాను.

"అమ్మవారికి పనికిరాదంటే ఇలా ఇచ్చెయ్యండి. నేను పెట్టుకుంటాను."